వీపుకి వీపు

హ్వాజా వీపు మీద రెండు రెక్కల మధ్య, ఎడమవైపుకి కాస్త కిందగా, చెయ్యి అందని చోటొకటి ఉంది. ఆ మాటకొస్తే అందరి వీపుల మీదా ఉంటుంది. కాకపోతే మిగతావాళ్ళకి దాని సంగతి పట్టదు. మొక్పో రేవు వెనక ఆమె ఉండే సందులో ఆడవాళ్ళందరూ వారానికోసారి స్నానశాలకి పోయి, వేడినీళ్ళ తొట్టిలో నాని, ఒకరి వీపు ఒకరు తోముకుని, ఉడికిన రొయ్యల్లా ఎర్రగా బయటికొస్తారు. హ్వాజా వీపు తోమింది మాత్రం వాళ్ళమ్మ ఒక్కతే. ఇన్నేళ్ళూ వంటింట్లో ప్లాస్టిక్ తొట్టి వేసి, నీళ్ళు కాచి, కూతుర్ని అందులో కూర్చోబెట్టి తోమింది. చలికాలం మొదట్లో ఆవిడ పోయింది. ఇప్పుడు కొత్త సంవత్సరం పండగ దగ్గరికొచ్చింది, దురద భరించలేకుండా ఉంది.

హ్వాజా ఊరికే కూర్చోలేదు. గరిటెకి గుడ్డ చుట్టి తోముకుంది. గుడ్డ ఊడి నీళ్ళలో పడింది. తలుపు అంచుకి వీపు ఆనించి రుద్దుకుంది. పెచ్చులూడిన రంగు ఒంటికి అంటుకుంది గానీ దురద అక్కడే ఉంది. దురద కోసం ఎవరినైనా ఇంటికి పిలుద్దామా అంటే, "కాస్త నా వీపు తోమి పోతారా" అని పిలిచే మొహమాటం లేనితనం ఆమెకింకా అబ్బలేదు.

వాళ్ళమ్మ మంచిది. కానీ ఆవిడకి సిగ్గు. హ్వాజాకి మూడో ఏట పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. ఆ తర్వాత ఒకే ఒక్కసారి స్నానశాలకి తీసుకెళ్ళింది. లోపల ఆడవాళ్ళంతా నాలుకలు చప్పరించారు. ఒకావిడ జాలిపడి ఉడకబెట్టిన గుడ్డు చేతిలో పెట్టింది. గుడ్డు పిల్లకి నచ్చింది, తల్లికి మాత్రం గొంతులో అడ్డం పడింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఇక్కడే ఉంది తమాషా. ఇప్పుడు హ్వాజా బట్టలు సరిచేసే కొట్టు సరిగ్గా ఆ స్నానశాల ఎదురుగానే ఉంది. పొగగొట్టంలోంచి వచ్చే పొగంతా ఆమె కొట్లోకే వస్తుంది. పొగ ఆమెకి, వేడినీళ్ళు ఊరికి. సందులో ప్రతి ఆడమనిషి నడుము కొలతా ఆమెకి తెలుసు. ఎవరు లావెక్కారో, ఎవరు లావెక్కలేదని బొంకుతున్నారో తెలుసు. ఆమె ఒళ్ళు మాత్రం ఎవరికీ తెలియదు.

ఒకరోజు కాళ్ళని నిలబెట్టే ఇనప పట్టీల బూట్లు బిగించుకుని, చంక కర్రలు తీసుకుని సందు దాటింది. స్నానశాల యజమానురాలు ప్యో కిటికీ వెనక కూర్చుని గుమ్మడి గింజలు ఒలుచుకుంటోంది.

"అక్కా, ఈసారి పండగ స్నానానికి నేనూ వస్తున్నాను."

ప్యో నవ్వింది. హ్వాజా నవ్వడం లేదని చూసి, మొహం సర్దుకుంది.

"నేల జారుడు కదే. కాళ్ళు బాగున్నవాళ్ళే దబ్బున పడుతున్నారు."

"నిలబడేవాళ్ళు పడతారు. నేను కింద కూర్చునే జరుగుతాను."

"అదే మరి... అలా జరుగుతుంటే చూసేవాళ్ళకి..." ప్యో నీళ్ళు నమిలింది. "పండగ ముందు కదా, ముసలాళ్ళు మనసులో ఏదో ఒకటి అనుకుంటారు. పైగా పొద్దున్నే బోణీ వేళ."

ఆ సందు కొట్లవాళ్ళకి బోణీ పిచ్చి ఎక్కువ. తెల్లారి మొదట ఎవరు అడుగుపెడితే రోజంతా బేరాలు అలాగే ఉంటాయని నమ్మకం. హ్వాజాకి ఇది బుద్ధెరిగినప్పట్నుంచీ అలవాటే. పొద్దున్నే ముల్లంగి కొందామని వెళ్తే "కాసేపాగి రామ్మా" అంటారు. కాసేపాగి వెళ్తే మంచి ముల్లంగులు అయిపోయి ఉంటాయి. బస్సు డ్రైవరు ఆమెను చూసి ఆపాలా వద్దా అని ఆలోచిస్తూనే ముందుకు పోతాడు. హోటల్లో ఆమె పక్కన ఎవరుంటే వాళ్ళని "ఈవిడేం తింటారు?" అని అడుగుతారు, నోటికి కూడా పోలియో వచ్చినట్టు. బజారులో ఆయాసపడి గోడకి ఆనుకుంటే చాలు, ఎవరో ఒక నాణెం చేతిలో కుక్కి, థ్యాంక్స్ కోసం ఆగకుండా పుణ్యం మూటగట్టుకుని పోతారు. ఇవన్నీ హ్వాజా మింగింది. ఏళ్ళ తరబడి మింగింది. ఇవాళెందుకో మింగుడు పడలేదు.

"పోనీ ఒక పని చెయ్యి," అంది ప్యో, తనకేదో గొప్ప ఆలోచన వచ్చినట్టు. "పండగెళ్ళాక సెలవు రోజున రా. నీ ఒక్కదానికే తలుపు తీస్తాను. డబ్బులు కూడా వద్దు. ముందురోజు నీళ్ళు పారబొయ్యకుండా ఉంచుతాను."

"ఊరంతా నానిన నీళ్ళా?"

"శుభ్రంగానే ఉంటాయిలే. గోరువెచ్చగా."

హ్వాజాకి అరికాలి మంట నెత్తికెక్కింది అనాలి గానీ, ఆమె అరికాళ్ళు ఏ పనికీ ముందుకు రావు కాబట్టి మంట ఎక్కడో పొట్టలోనే పుట్టి పైకెక్కింది.

"అక్కా, మీ ప్యాంటు నేనెప్పుడైనా ఒక కాలు కుట్టి, రెండో కాలు వదిలేసి ఇచ్చానా?"

"అదేం మాట?"

"మరి నాకెందుకు సగం స్నానం?"

సమాధానం కోసం ఆగకుండా కర్రలు తిప్పుకుని వచ్చేసింది. కుట్టుమిషను ముందు కూర్చుని ఒకే కుట్టు రెండుసార్లు వేసి, రెండుసార్లూ విప్పింది. కోపంతోనే విప్పింది. కాస్త భయం కూడా ఉంది, లేదని ఎందుకనాలి? స్నానశాల అద్దాల తలుపు వెనక పదిమంది కళ్ళ ముందు బట్టలు విప్పడం మాటలు కాదు. కానీ ఇప్పుడు వెళ్ళకపోతే ఇక ఎప్పటికీ వెళ్ళనని ఆమెకి తెలుసు.

పండగ ముందురోజు తెల్లవారుజామున స్నానశాల షట్టరు పైకి లేస్తూంటే, దాని కిందనుంచి ప్యోకి మొదట కనిపించినవి రెండు చంక కర్రల రబ్బరు తొడుగులు. షట్టరు సగంలో ఆగింది. తర్వాత మెల్లగా పూర్తిగా లేచింది.

"శుభమా అని ఇవాళ మీ బోణీ నాది," అంది హ్వాజా, చలికి పళ్ళు టకటకలాడుతుండగా. డబ్బులు కిటికీ పలక మీద పెట్టింది.

ఆమె వెనక ముసలాళ్ళ వరస పెరిగిపోయింది. కొత్త నీళ్ళలో ముందు దిగాలని పండగ ముందు అందరూ చీకటితోనే వచ్చేస్తారు. చేతుల్లో సబ్బులు, తువ్వాళ్ళు పెట్టుకున్న ప్లాస్టిక్ బుట్టలు. ప్యో ఆ వరసవైపు చూసింది, హ్వాజావైపు చూసింది. ఇరుక్కుపోయింది పాపం. ఎలాంటి మనిషితో బోణీ అయినా అది బోణీయే, దాన్ని తిప్పి పంపితే ఇంకా అరిష్టం. హ్వాజా రాత్రంతా ఆలోచించి పట్టుకున్న కీలకం ఇదే.

"కాస్త తొందరగా తెముల్తారా, మమ్మల్నందరినీ ఈ రోడ్డు మీదే తోముకోమంటారా?" అని వెనకనుంచి ఓ గొంతు అరిచింది. సముద్రపు గుల్లలు ఒలిచి అమ్మే ముసలావిడ. అందరూ గుల్లల మామ్మ అంటారు. ఆవిడ నోటికి జడిసి బజారులో పిల్లులు కూడా పక్క కొట్టుకి పోతాయని చెప్పుకుంటారు.

ప్యో బట్టలు పెట్టుకునే అర తాళంచెవి ఇచ్చింది. నవ్వలేదు, కానీ ఇచ్చింది.

లోపల బట్టలు మార్చుకునే గదిలో నేల వెచ్చగా ఉంది. హ్వాజా ఒక మూల కూర్చుని చొక్కా విప్పింది, పట్టీల బూట్లు విప్పింది, చివరికి అన్నీ విప్పింది. ఆమె కాళ్ళు చిన్నపిల్ల కాళ్ళలా సన్నగా ఉంటాయి. భుజాలు మాత్రం మూటలు మోసేవాళ్ళ భుజాలు. పక్కన కబుర్లు ఒక్కసారిగా ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి, కానీ అవి వేరే కబుర్లు, ఏదో ఒకటి మాట్లాడాలని మాట్లాడేవి. ఆమె రెండు చేతులూ నేలకి ఆనించి, ఒళ్ళు లేపి, ముందుకి జరిగింది. కాళ్ళు వెనక వచ్చాయి. అద్దాల తలుపు తోసుకుని ఆవిరిలోకి వెళ్ళిపోయింది.

తడిసిన పలకల మీద జరగడం కొట్లో నేల మీద జరగడం కన్నా తేలిక. ఇది ఎవరూ ఆమెకి చెప్పలేదు. జారుడు ఆమెకి శత్రువు కాదు, చుట్టం. కుళాయి దగ్గర ఒళ్ళు కడుక్కుని వేడినీళ్ళ తొట్టి గట్టు పట్టుకుంది. గట్టు కాస్త ఎత్తు. అయినా ఇలాంటి గట్లు ఎన్ని ఎక్కలేదు? చేతుల మీద బరువు వేసి లేవబోయింది.

"అయ్యో అయ్యో, ఉండండి, నేనున్నాను!" అంటూ ఎవరో వెనకనుంచి పరిగెత్తుకొచ్చి చంకల కింద పట్టుకున్నారు. సబ్బు చేతులు. పట్టు జారింది. హ్వాజా మోచెయ్యి గట్టుకి ఠప్పున తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వదులు!"

వచ్చినావిడ ఉన్హే. చర్చి పాటల బృందంలో ముందు వరసలో నిలబడుతుంది. ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా గంజి గిన్నెతో ప్రత్యక్షమవుతుంది. "సాయం చేద్దామని..." అంది, మొహం చిన్నబుచ్చుకుని.

"నేనేమైనా పిలిచానా? మీరు పట్టుకోకపోతే దెబ్బ తగిలేది కాదు."

చుట్టూ ఉన్నవాళ్ళు ఉన్హే వైపు జాలిగా చూశారు. మంచితనానికి పోయి తిట్టు తిన్నదని వాళ్ళ బాధ. హ్వాజా మోచెయ్యి సంగతి ఎవరికీ పట్టలేదు. ఆమె మళ్ళీ గట్టు పట్టుకుంది, లేచింది, ఒక కాలు చేత్తో ఎత్తి అవతల వేసింది, రెండోది వేసింది, నీళ్ళలోకి దిగింది.

అబ్బ. అంత వేడి వంటింటి ప్లాస్టిక్ తొట్టిలో ఏనాడూ లేదు. మెడదాకా నీళ్ళు. కాళ్ళు వాటంతట అవే పైకి తేలాయి. నేల మీద ఎప్పుడూ బరువుగా ఈడ్చుకొచ్చే కాళ్ళు నీళ్ళలో ఏ బరువూ లేకుండా అటూ ఇటూ ఊగాయి. హ్వాజాకి సంతోషమేసింది. అంతకు మించి కోపమొచ్చింది. ఇన్నేళ్ళూ ఇది తన కొట్టు ఎదురుగానే ఉంది, సందు దాటితే చాలు, తనకి దక్కలేదు.  తల కూడా ముంచి లేచింది.

నానిన తర్వాత అసలు పని. పొట్టి ప్లాస్టిక్ పీటల మీద అందరూ వరసగా కూర్చుని ఆకుపచ్చ గరుకు గుడ్డ చేతికి తొడుక్కుని ఒంటి మట్టి ఒలుచుకుంటున్నారు. తోమే పనిమనిషి ఒకామె ఉంది కానీ పండగ ముందురోజు ఆమె బల్ల దగ్గర సాయంత్రం దాకా వరసే. అందుకని మిగతావాళ్ళు వీపులు మార్చుకుంటారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళైనా సరే, ఒంటరిగా కూర్చున్న ఇద్దరు "తోముకుందామా?" అనుకుంటారు. నువ్వు నా వీపు, నేను నీ వీపు. అక్కడ అంతకంటే మర్యాదైన పలకరింపు లేదు.

హ్వాజా చేతులు, మెడ, పొట్ట, కాళ్ళు అన్నీ తోముకుంది. వీపు మిగిలింది. ఇంతలో మెత్తగా ఓ చెయ్యి ఆమె భుజం మీద పడింది. మళ్ళీ ఉన్హే. ఇందాకటి తప్పు దిద్దుకుందామని వచ్చినట్టుంది. మాటామంతీ లేకుండా గుడ్డతో వీపు తోమడం మొదలెట్టింది.

గుడ్డ భుజం మీదనుంచి కిందకి దిగింది. ఇంకాస్త. ఇంకాస్త. ఆ చోటు అంచుకొచ్చింది. హ్వాజా హాయిగా కళ్ళు మూసుకుంది. ఇంకొక్క అంగుళం దిగితే చాలు, ఇన్నాళ్ళ దురద వదిలిపోతుంది. అయినా నోరు తెరిచింది.

"అయిపోయాక ఇటు తిరగండి. మీ వీపు నేను తోముతాను."

"అయ్యయ్యో, వద్దండీ," ఉన్హే నవ్వింది, "మీకెందుకు శ్రమ? నా వీపు ఇంకెవరైనా తోముతారు. మీకు చేస్తే దేవుడికి చేసినట్టే."

హ్వాజా చెయ్యి వెనక్కి పెట్టి ఆ మణికట్టు పట్టుకుంది. ఉన్హే విడిపించుకోబోయింది గానీ, ఆ పట్టు విడిపించుకునే పట్టు కాదు.

"అయితే దేవుడి వీపు తోమండి. నాది వదిలెయ్యండి."

"అలా అంటారేమిటి..."

"ఏమనాలి? ఇక్కడ ఇంతమంది వీపులు మార్చుకుంటున్నారు. ఒక్కరైనా ఊరికే తోమించుకుంటున్నారా? నా ఒక్కదానికే ఉచితమా? నా వీపు ముట్టుకుంటే మీ వీపివ్వాలి. ఇవ్వరా, ముట్టుకోకండి."

ఉన్హే వెళ్ళిపోయింది. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. ఆవిరిలో "ఎంత పొగరు," "మేలు చేస్తానన్నా వద్దట," అని గుసగుసలు. హ్వాజా వీపు సగం తోమి వదిలేసి ఉంది. తోమిన సగం హాయిగా, తోమని సగం మంటెత్తిపోతూ. ఏడుపొచ్చింది. మింగేసి, గొంతు పెంచింది.

"ఒంటరిగా వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా? వీపుకి వీపు."

 చెంబులతో నీళ్ళు పోసుకునే చప్పుడు. ఒకావిడ తన పక్కావిడ వీపు అప్పటికే రెండుసార్లు తోమి, మూడోసారి మొదలెట్టింది, తనని పిలుస్తారేమోనని. హ్వాజా అలాగే కూర్చుంది. గుడ్డ చేతికి తొడుక్కునే ఉంది. తియ్యలేదు. తీస్తే ఓడిపోయినట్టే. పొద్దుపోయేదాకా కూర్చోవాలంటే కూర్చుంటుంది, డబ్బిచ్చి లోపలికొచ్చింది.

అవతలి గోడ దగ్గర ఎవరో పీటని నేల మీద కర్రుమనిపిస్తూ లాక్కొస్తున్నారు. గుల్లల మామ్మ. ఆవిడతో వీపు మార్చుకునేవాళ్ళు ఊళ్ళో మిగల్లేదు. ఎవరు తోమినా వంక పెడుతుంది. ఒకరు దువ్వుతున్నారంటుంది, ఒకరు దోమల్ని తోలుతున్నారంటుంది. తోమే పనిమనిషి సైతం ఆవిడ వరసలో ఉంటే బల్ల కడిగే పని పెట్టుకుంటుంది.

"ఏదీ, నీ చేతులు చూపించు."

హ్వాజా గుడ్డ తీసి రెండు అరచేతులూ చాపింది. ఏళ్ళ తరబడి కర్రల పిడులు నొక్కి నొక్కి కాయలు కాచిన చేతులు. మామ్మ వేలితో నొక్కి చూసింది, బజారులో సరుకు చూసినట్టు.

"పాదాల్లా ఉన్నాయేమిటే ఇవి?"

"అవే నా పాదాలు."

మామ్మ ఆ చేతులు వదిలింది. పీట ఆమె ముందు వేసుకుని, వీపు తిప్పి, కూర్చుంది. "కానీ. దువ్వావంటే ఊరుకోను."

హ్వాజా గుడ్డ తొడుక్కుంది. ఎడమ చెయ్యి మామ్మ భుజం మీద ఊతగా వేసి, కుడిచేత్తో మొదలెట్టింది. భుజాల బలమంతా పెట్టింది. బస్సు డ్రైవర్ల మీది కోపం, బోణీ మీది కోపం, గోరువెచ్చని నీళ్ళ మీది కోపం, అంతా ఆ గుడ్డలోకి వచ్చింది. మట్టి ఉండలు ఉండలుగా రాలింది.

"అమ్మో! చంపేస్తావటే?"

"ఆపెయ్యనా?"

"ఆపమని ఎవరన్నారు? ఇంకా కిందకి. ఆ, అక్కడ. అమ్మమ్మమ్మ..."

చుట్టూ చేతులు ఆగిపోయాయి. గుల్లల మామ్మ వంక పెట్టకపోవడం ఆ స్నానశాలలో ఎవరూ ఎరుగరు. పక్కనున్న ఒకావిడకి మాత్రం మనసు ఒప్పుకోలేదు.

"అదేం పని మామ్మా, పాపం ఆవిడ చేత అంత చాకిరీ చేయించుకుంటారా?"

"పాపమా?" మామ్మ గయ్యిమంది. "నా వీపు చూడవే! తోలు ఊడొచ్చింది. పాపం ఎవరే, అదా, నేనా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇద్దరు ముగ్గురు. హ్వాజా కూడా నవ్వింది, కానీ చెయ్యి ఆపలేదు. తోమడం అయ్యాక చెంబుడు నీళ్ళు ఎత్తి మామ్మ వీపు మీద కుమ్మరించింది. మామ్మ హాయిగా నిట్టూర్చి, లేచి, పీట పట్టుకుని తన మూలకి బయల్దేరింది.

హ్వాజా నేల మీద ఒక్క జరుగు జరిగి ఆవిడ చీలమండ పట్టుకుంది.

"మామ్మా, ఎక్కడికి?"

"పోనీవే. ముసలిదాన్ని. భుజం నొప్పి."

"తోమించుకునేటప్పుడు లేదే భుజం నొప్పి?"

"పండగ పూట పెద్దదాన్ని కాలు పట్టుకుని లాగుతావా?"

"లాగుతాను. నా వీపు తోమకుండా పోతే వీధిదాకా ఇలాగే వస్తాను. రానంటారా?"

మామ్మ కిందకి చూసింది. వస్తుందని నమ్మకం కుదిరినట్టుంది. ఇంతలో తలుపు దగ్గరనుంచి ప్యో పరిగెత్తుకొచ్చింది, లోపల గొడవేమిటోనని. "ఏమైంది? ఎవరు పడ్డారు? హ్వాజా, నేను చెప్పలేదూ? మామ్మా, మీరు వెళ్ళండి, ఆమెకి నేను తోముతాన్లే..."

"నువ్వెవరివే మధ్యలో?" అంది మామ్మ. "ఇది నాకూ దానికీ." పీట మళ్ళీ కిందపడేసింది. "తిరుగు ఇటు, దయ్యమా. నా తోలు వొలిచావు కదూ, నీ సంగతి చూస్తాను."

హ్వాజా చీలమండ వదిలి, చేతుల మీద గిర్రున తిరిగి, వీపు చూపించింది. గుల్లలు ఒలిచే చెయ్యి గరుకు గుడ్డతో మెడ కింద మొదలెట్టి, పగబట్టినట్టు రెక్కల మధ్యకి దిగింది, ఎడమవైపుకి, ఇంకాస్త కిందకి. హ్వాజా కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి. రెండు చేతులతో నేలని గట్టిగా పట్టుకుంది.

"ఏం, చాలా?" అంది మామ్మ.

"దోమల్ని తోలుతున్నారా?" అంది హ్వాజా. "గట్టిగా తోమండి."